ఆకులో చేప లేని రోజు

వీడియో కాల్ వచ్చే ముందు చేతులు నిమ్మచెక్కతో రుద్దుకోమంటారు మా ఆయన. మేముండేది టాంజానియాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున మ్వాంజా అనే ఊళ్లో. మా అత్తగారుండేది విజయవాడ పటమటలో. ఇక్కడి చేతుల చేప వాసన ఫోన్లోంచి అక్కడికెలా పోతుందండీ అని ఒకసారి అడిగాను. "వాసన కాదే. వస్తుందేమోనన్న భయం నీ మొహంలో కనపడుతుంది" అన్నారు. జానకిరామ్ గారికి అప్పుడప్పుడూ ఇలాంటి తెలివైన మాటలు తడతాయి. ఒక్కటే పొరపాటు, ఆ భయం నా మొహంలో ఉండేది కాదు. అయినా గొడవెందుకని రుద్దుకునేదాన్ని. ఆ చెక్కతోనే తర్వాత సింకు తోమేదాన్ని, పోనీ అదైనా మెరుస్తుందని.

మా ఆయన ఆ సరస్సులో వలపంజరాలు కట్టి తిలాపియా పెంచే కంపెనీకి మేనేజరు. మా ఇల్లు ఒక గుట్ట మీద ఉంటుంది. ఊరంతా గుట్టలే, రాయి మీద రాయి ఎవరో ఓపిగ్గా పేర్చిపెట్టినట్టు ఉంటాయి. కరెంటు ఉన్న రోజు నీళ్లు రావు, రెండూ వచ్చిన రోజు గ్యాస్ అయిపోతుంది. వెళ్లిన కొత్తలో నా పర్మిట్ మీద 'డిపెండెంట్' అని ముద్ర వేశారు, అంటే ఒకరి మీద ఆధారపడి బతికే మనిషినన్న మాట. ఆ ఆధారపడిన మనిషి చీకటితో లేచి నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, సీసాలకి నింపేది. మా అమ్మాయి సాయిశ్రీకి బడి డబ్బా, ఆయనకి క్యారియర్ కట్టేది. కైకలూరు నుంచో భీమవరం నుంచో కంపెనీలోకి కొత్తగా దిగిన కుర్రాళ్లకి "మనవాళ్లేగా, ఇంకో నాలుగు గిద్దెలు పడెయ్" అన్న ఆయన మాట మీద అన్నం వండేది. మినప్పప్పు దొరక్క అక్కడి బొబ్బర్లతోనే అట్లు పోసేది. సాయంత్రం ఆయన వచ్చి బూట్లు విప్పుకుంటూ "నీకేమే, హాయిగా ఇంటిపట్టున ఉంటావు" అనేవారు. ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో ఆ ముద్ర వేసిన ఆఫీసరు ఒక్కరోజు మా వంటింట్లో కూర్చుంటే తెలిసేది.

ఇంటి పనికి సాయం వచ్చే నీమా అనే ఆవిడ మధ్యాహ్నాలు వెళ్లిపోయి ఒడ్డున చేపలమ్ముకునేది. ఒకరోజు కూరకి చేపలు కొందామని ఆమె వెంట వెళ్లాను. ఆడవాళ్లు గోనెపట్టాల మీద చేపల్ని పోగులు పెట్టి కూర్చున్నారు. తూకం లేదు, పోగుకింత అని బేరం. బేరం తెగాక కొన్నావిడ కదలకుండా నిలబడితే, నీమా మూతి ముడుచుకుని ఇంకో చిన్న చేప పైన పడేసింది. "న్యోంగెజా" అని నాకు అర్థం చెప్పబోయింది. నాకు చెప్పాలా! అది కొసరు. మా అమ్మ జీవితమంతా మూతి ముడుచుకుంటూ వేసిన కొసరు. అక్కడే కూర్చుండిపోయాను. కత్తి అందుకుని ఒక చేపకి పొలుసు తీశాను. పెళ్లయ్యాక మళ్లీ తీయకూడదని అత్తింటివాళ్లు అన్నారు కానీ చేతులు మర్చిపోవుగా. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పనులు ఆపి చూశారు. మామా సాయికి పని వచ్చు అన్నారు. అక్కడ అమ్మని మామా అంటారు, సాయి తల్లిని కాబట్టి నేను మామా సాయిని. అప్పటికి ఎన్నాళ్లయిందో నాకు పని వచ్చని ఎవరైనా అని.

అలా మొదలైంది. మొదట గోనెపట్టా, తర్వాత నాలుగు కర్రలూ రేకూ, ఇప్పుడు నీమా, నేనూ కలిసి పెట్టుకున్న కొట్టు. ఐసు పెట్టెలున్నాయి, నీళ్ల పంపుంది, హోటళ్ల వాళ్లు ముందురోజే చెప్పి ఉంచుతారు. కొట్టు రిజిస్టరు చేయించాక నా పర్మిట్ మారింది, ఆ ముద్ర ఇప్పుడు లేదు. మా ఆయన మొదట కసురుకున్నారు, తర్వాత ఊరుకున్నారు. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని టీ తాగుతూ పడవల వాళ్లకి "ఈ కొట్టు నా భార్యది" అని గొప్పగా చెప్పుకునేవారు. ఆ మాట స్వాహిలిలో చెప్పుకోవడానికి ఆయనకేమీ సిగ్గుండేది కాదు. తెలుగులోకి వచ్చేసరికే పట్టుకునేది.

ఈ సిగ్గు సంగతి చెప్పాలి. మాది కొల్లేటి లంక. చేపలు పట్టడం, అమ్మడం మా వాళ్ల వృత్తి. మా అత్తగారు సంపూర్ణమ్మ గారిదీ అదే కులం, అదే చేప. ఆవిడ తల్లి ఎండుచేపల గంపెత్తుకుని ఊళ్లు తిరిగినావిడే, ఆ తల్లి ఫొటో మాత్రం పటమట ఫ్లాట్ హాల్లో ఉండదు. మావయ్య పోలరాజు గారికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చాక గంపలన్నీ గతంలో కలిశాయి. మా అమ్మ పెద్దింట్లమ్మకి ఆ అవకాశం రాలేదు. నాన్న పోయాక హనుమాన్ జంక్షన్ సెంటర్లో గంప దించుకుని, ఎండకీ లారీల దుమ్ముకీ ఓర్చి, నన్ను బీఈడీ దాకా చదివించింది. నా పెళ్లి మాటల్లో అత్తగారు ఒక్కటే అడిగారు. "కట్నాలూ అవీ మాకొద్దు వదినగారూ. ఆ గంప ఒక్కటి మానెయ్యండి, మా స్టేటస్ కూడా చూడాలి కదా" అన్నారు. అమ్మ పెళ్లి అయ్యేదాకా మానేసి, పదహారు రోజుల పండుగ కాగానే మళ్లీ ఎత్తుకుంది. స్టేటస్ ఉడకేసుకుని తినడానికి కుదరదుగా.

కొట్టు సంగతి మొదట చెప్పింది అమ్మకే. బీఈడీ గుర్తొచ్చి ఏడుస్తుందేమో అనుకున్నాను.

"మొప్పలెత్తి చూపిత్తన్నావా, చూపించకుండా అంటగడతన్నావా?" అంది.

"చూపించే అమ్ముతున్నానమ్మా."

"కొసరేత్తన్నావా?"

"వేస్తున్నా."

"అయితే సరే" అని ఫోన్ పెట్టేసింది. నాకొచ్చిన సర్టిఫికెట్లన్నిట్లో నేను దాచుకున్నది అదే.

ఈ జూన్ సెలవులకి విజయవాడ వచ్చాం. మరిది కిరీటికి సంబంధం కుదురుతోంది, పెళ్లికూతురి వాళ్లు మాటలకి భోజనానికి వస్తున్నారు. మావాళ్లే, ఏలూరు వైపు వాళ్లు. పిల్ల తండ్రి రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు. మేం దిగిన మర్నాడు పొద్దున నేను వంటింట్లో కొబ్బరి తురుముతుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆవిడ కోపంగా ఉన్నప్పుడు అరుస్తారు, ఏదైనా తీసుకోబోతున్నప్పుడు మాత్రం మెత్తగా మాట్లాడతారు.

"మల్లేశ్వరీ, వాళ్లకి నువ్వు ఇంటర్నేషనల్ స్కూల్లో టీచర్‌వని చెప్పామమ్మా. బీఈడీ చేశావు కదా, అబద్ధమేం కాదులే."

తురుముతూనే ఉన్నాను.

"పైగా ఇక ఆ దేశంగాని దేశంలో ఎందుకు చెప్పు? సాయిశ్రీకి ఇక్కడ మంచి స్కూల్లో సీటు మాట్లాడేశాం. నువ్వూ అక్కడే టీచర్‌గా చేరొచ్చు, మీ మావయ్యకి తెలిసినవాళ్లే. జానకి బ్యాచిలర్ క్వార్టర్సుకి మారతానని కంపెనీలో చెప్పేశాడు. నాకా మోకాళ్ల నొప్పులు, కొత్త కోడలు ఉద్యోగస్తురాలు. ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా."

ఇంట్లో ఉండాల్సిన ఆ ఒక మనిషిని నేనే. నన్ను అడగకుండా నా బిడ్డ బడి మారింది, నా ఇల్లు మారింది, నా ఉద్యోగం మారింది, నాకు రావలసిన జీతం దగ్గర్నుంచి చేయవలసిన మోకాళ్ల సేవ దాకా అన్నీ కుదిరిపోయాయి. బెడ్‌రూంలో మా ఆయన ఇస్త్రీ చొక్కా కోసం వెతుక్కుంటున్నారు. "ఏవండీ, క్వార్టర్సుకి మారతానని చెప్పారట" అన్నాను. "చెప్పానంటే... ఇంకా ఫైనల్ కాలేదు. అమ్మ ఫీలవుతోంది. కిరీటి అత్తవారు రేపు ఫేస్‌బుక్కులో చూస్తారు, వాడి వదిన చేపల కొట్లో కూర్చుందంటే బాగుంటుందా? నువ్వే ఆలోచించు" అన్నారు. "మీరు ఆలోచించేశాక నేనేం ఆలోచించాలి?" అంటే "అన్నిటికీ అలా మాట్లాడతావే" అని చొక్కా నా చేతికిచ్చారు. కొట్టు ఏం చేయాలని అడిగాను. నీమా చూసుకుంటుందిలే అన్నారు, అదేదో గ్యాస్ స్టవ్ మీద పాలగిన్నె అయినట్టు. నా కొట్టు! తుఫాను గాలికి రేకు లేచిపోతే నీమా, నేనూ పట్టుకుని వేలాడిన కొట్టు. నాకు ఆ నిమిషంలో ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చొక్కా మాత్రం ఇస్త్రీ చేశాను, అలవాటు పాడుగాను.

ఆదివారం వాళ్లు వచ్చారు. పిల్ల తల్లీ తండ్రీ, పిల్ల, పిల్ల నాయనమ్మ గంగాదేవి గారు. మా అమ్మని పిలవకపోతే బాగుండదని పిలిచారు, పిలిచి ముందే ఫోన్లో "వాళ్ల ముందు మీ పని సంగతి ఎత్తకండి వదినగారూ" అని అత్తగారు చెప్పి ఉంచారు. అమ్మ మంగళగిరి చీర కట్టుకుని, తలకి నూనె పెట్టి నున్నగా దువ్వుకుని, సోఫా చివర అంచు మీద కూర్చుంది. నన్ను చూసి నవ్వింది గానీ దగ్గరకి రాలేదు. నా ఒంటికి ఏమైనా అంటుకుంటుందేమో అన్నట్టు.

ఇక భోజనాలు. అరిటాకులు బల్ల మీద పరిచారు. క్యాటరింగ్ వాడు వడ్డించినవి చూస్తే నాకు నవ్వాగలేదు. పనీర్ కూర, పుట్టగొడుగుల వేపుడు, జీడిపప్పు పులావు, బేబీకార్న్ మంచూరియా. అత్తగారు మెనూ అంతా వెజిటేరియనే చెప్పారు, వాళ్లు మన గురించి ఏమీ అనుకోకూడదని. శుభకార్యం మాటల్లో కొర్రమీను పులుసు లేకపోతే అలిగి లేచిపోయే జాతి మాది. నాలుగు తరాలుగా కొల్లేటి చేపతో బతికిన రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ముందు ఒకరు పనీర్ ముక్కల్ని వేళ్లతో దొర్లిస్తూ "చాలా బాగుందండీ" అనుకుంటున్నాయి. గంగాదేవి గారు పుట్టగొడుగుని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఆకు అంచున పెట్టేశారు. ఆవిడ కళ్లు మాటిమాటికీ వంటింటి గుమ్మం వైపు పోతున్నాయి, వెనకాల ఏదైనా రావలసింది ఉందేమోనని.

"మీ పెద్ద కోడలు అక్కడ టీచరని చెప్పారు కదూ వదినగారూ" అంది పిల్ల తల్లి.

"అవునండీ. ఇక ఇక్కడే ఉండిపోతోంది. ఇక్కడి స్కూల్లో చేరుతోంది" అన్నారు అత్తగారు. మా ఆయన ఆకులోకి చూస్తూ తలూపారు. నేను పెరుగు వడ్డిస్తున్నాను. నోరు తెరవబోయాను. ఎదురుగా కిరీటి మొహం కనిపించింది. పిల్లాడికి ఆ అమ్మాయంటే ఇష్టం, కాలేజీ నుంచే ఇష్టమట. వాడి పెళ్లి నా నోటి మీద ఆగుతుందా అనిపించింది. ఇంకొక్క పూటే కదా, తర్వాత చూసుకుందాం అని నోరు మూసుకున్నాను. ఈ 'తర్వాత' అనే మాట మీద ఎంతమంది ఆడవాళ్లు ముసలివాళ్లయిపోయారో.

పిల్ల తల్లి మా అమ్మ వైపు తిరిగింది. ఆవిడకి చెడ్డ ఉద్దేశమేం లేదు, మాట కలపాలని అడిగింది అంతే.

"మీరేం చేస్తుంటారండీ?"

అమ్మ కుడి చెయ్యి ఆకు మీద ఉంది. కత్తిపీట మీద కోసుకుపోయి మానిన గీతలతో, ఐసు నీళ్లకి పగిలిన గోళ్లతో ఉండే చెయ్యి. దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో కొంగు కింద పెట్టుకుంది. కలిపిన అన్నం ఆకులోనే ఉండిపోయింది.

"నేనేం చేత్తానండీ... ఇంటికాడే ఉంటానండీ" అంది.

నేను మా అమ్మ అబద్ధం ఆడగా వినడం అదే మొదటిసారి. జంక్షన్లో పొద్దుటి చేపని పొద్దుటిదనీ నిన్నటి చేపని నిన్నటిదనీ చెప్పి అమ్మే మనిషి. తక్కువకి పోయినా సరే, నిన్నటిది అని చెప్పి అమ్ముతుంది. ఆ మనిషి నా కోసం, నా పరువనుకున్న దాని కోసం, తన చెయ్యి దాచుకుని కూర్చుంది. పెరుగు గిన్నె బల్ల మీద పెట్టాను.

"లేదండీ. మా అమ్మ చేపలమ్ముతుంది" అన్నాను. "హనుమాన్ జంక్షన్ సెంటర్లో. ఆ చేపలతోనే నన్ను చదివించింది. నేను టీచర్ని కాదండీ, నేనూ చేపలే అమ్ముతాను. మ్వాంజాలో నాకు సొంత కొట్టుంది."

పిల్ల తండ్రి ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు, అందులో ఏమీ రాలేదని నాకు తెలుసు. అత్తగారి మొహం ఎర్రబడింది. "మల్లేశ్వరి జోకులు బాగా వేస్తుందండీ" అనబోయి, సగంలో ఆగిపోయారు. ఎందుకంటే మా సాయిశ్రీ నోట్లో పులావు పెట్టుకుని "జోక్ కాదు నాన్నమ్మా, మా కొట్టు చాలా పెద్దది. నేను కూడా పొలుసు తీస్తాను" అంది. నా గుండె నిండిపోయింది. నిమ్మచెక్క ఎందుకు రుద్దుకోవాలో ఇంకా తెలియని పిల్ల.

అప్పుడు గంగాదేవి గారు ఆకు ముందుకి నెట్టి, మా అమ్మ వైపు తిరిగారు.

"జంక్షన్లో ఏ పక్కన కూచుంటావే అమ్మాయ్?"

అమ్మ నా వైపు చూసింది. నేను తలూపలేదు, కళ్లతో కూడా ఏమీ చెప్పలేదు. ఈ జవాబు తనది. అమ్మ కొంగు కింద నుంచి చెయ్యి తీసింది. వీపు నిటారుగా పెట్టింది. గంప ముందు కూర్చున్నప్పటి గొంతు వచ్చేసింది, ఆ గొంతుకి పటమట ఫ్లాటు చిన్నదైపోయింది.

"నూజివీడు రోడ్డు మలుపులోనండీ, కొబ్బరిబోండాల బండి పక్కన. పెద్దింట్లమ్మ గంప అంటే ఎవురైనా చూపిత్తారు. ఇంటికాడుంటానన్నది ఉత్తదేనండీ. ఇంటికాడుంటే నాకు తోచదు."

"బొమ్మిడాయిలు వత్తన్నాయా?"

"వానలు పడితే వత్తాయండీ. ఇప్పుడు జెల్లలు బాగున్నాయి. మీకు కావాలంటే చెప్పండి, ఏరి పక్కన పెడతాను."

"జెల్లల పులుసు తిని ఎన్నాళ్లయిందో" అన్నారు గంగాదేవి గారు కొడుకు వైపు చూస్తూ. "మీ ఇంటో వండనివ్వరుగా. మా అమ్మ కైకలూరు సంతలో అమ్మేదిరా, నీకు చెప్పనే లేదు ఎవురూ." ఆ కొడుకు ఫోన్లోంచి తల ఎత్తలేదు. కానీ పిల్ల ఎత్తింది. నాయనమ్మ వైపు కొత్తగా చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలియదు, నేను వెతుక్కోలేదు కూడా.

ఫోన్ చేస్తామని చెప్పి వాళ్లు వెళ్లారు. ఆ ఫోన్ వస్తుందో రాదో ఆరోజు ఎవరికీ తెలియదు. కిరీటి గుమ్మం దాకా వెళ్లి సాగనంపి వచ్చాడు. "ఏమనుకోకు కిరీటీ" అన్నాను. "అనుకుంటే అది నీ గురించి కాదు వదినా" అని తన గదిలోకి వెళ్లిపోయాడు. వాడి మొహం చూస్తే నాకు బాధేసింది. కానీ చెప్పినందుకు బాధ లేదు. ఆ రెండూ వేరు.

అమ్మ జంక్షన్ బస్సెక్కుతానని లేచింది. ఆటో దాకా వెళ్లాను. ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆటోలో సర్దుకుని కూర్చుని నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నలుగురూ చూస్తుండగా, పెద్ద బజారు వీధిలో, ముద్దు పెట్టుకుంది. నా చిన్నప్పుడు కూడా పెట్టుకున్నట్టు గుర్తు లేదు. ఆటో కదిలేదాకా వదల్లేదు.

పైకి వచ్చేసరికి అత్తగారు బెడ్‌రూంలో తలుపు వేసుకున్నారు. మావయ్య పేపరు అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన వంటింట్లో, ఎప్పుడూ రాని వంటింట్లో, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అంతమందిలో చెప్పాలా మల్లీ? నాకు ఒక్క మాట చెప్తే నేను మెల్లగా హ్యాండిల్ చేసేవాణ్ని."

"మీరు హ్యాండిల్ చేసేశారు కదండీ. నా ఇల్లూ, నా బిడ్డ బడీ, నా కొట్టూ."

"ఇప్పుడేం చేద్దామంటావ్? ఇక్కడ సీటు మాట్లాడాం. అక్కడ క్వార్టర్సుకి మారతానని చెప్పాను. ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఓనర్‌కి కూడా మెయిల్ పెట్టాను. అందరికీ మాటిచ్చాను."

అందరికీ. ఆ అందరిలో నేను లేనని ఆయనకి ఆ నిమిషంలో కూడా తట్టలేదు. నేను ఆకులు తీసి మడిచి చెత్తబుట్టలో వేశాను. పనీర్ ముక్కలన్నీ అలాగే ఉన్నాయి. చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకున్నాను.

"ఇచ్చిన మాట తప్పకండి. మీరు క్వార్టర్సుకి మారండి" అన్నాను. "నేనూ సాయిశ్రీ కొట్టుకి దగ్గర్లో ఇల్లు చూసుకుంటాం. మీకు చేపలు కావలసినప్పుడు రండి. పొద్దున్నే రద్దీగా ఉంటుంది, అందరితోపాటు లైన్లో నిలబడాలి."